పందిరి మారే నెల

మాఘం వచ్చేసరికి మా మైలవరం వైపు పెరళ్లలో చిక్కుడు పని అయిపోతుంది. ఆకు పసుపు తిరుగుతుంది, పేనుబంక పట్టిన కొసలు నల్లబడతాయి. నాటు చిక్కుడు పూయాలంటే పొద్దు పొట్టిగా ఉండాలి. కార్తీకం నుంచి పుష్యం దాకా విరగకాసిన తీగ పొద్దు సాగేకొద్దీ పూత మానుకుంటుంది. ఎండిన కాయలు నాలుగు విత్తనానికి కోసుకుని, తీగ పీకేసి, అదే పందిరి కింద బీర గింజ పెట్టాల్సిన సమయం అది. సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి శివరాత్రి దాకా ఉండే ఆ అదనులో చేసిన పనే మా మెట్టలో వేసవంతా కూర పెడుతుంది. ఈ మాట మా అత్తగారు చెప్పేవారు, ఆవిడ తర్వాత నేను చెబుతున్నాను.

డెల్టా వాళ్లకు మా నీళ్ల సంగతి కొంచెం చెప్పాలి. మాది పాత కృష్ణా జిల్లా పడమటి మెట్ట. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు మా మైలవరం కొండల్లోనే పుడుతుంది. కానీ ఆ ఉరవడి వానాకాలం వరకే. నాగార్జునసాగర్ ఎడమ కాలువకు మేము చివరి ఆయకట్టు. నందిగామ, జగ్గయ్యపేట వైపు నల్లరేగడిలో పత్తి, మిరప వేస్తారు. మా ఎర్రనేలల్లో మామిడి తోటలు ఎక్కువ. పంటకే నీళ్లు చాలని చోట పెరటికి బోరు వేసేది ఎవరు? అంట్లు తోమిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు, కుళాయి దగ్గర ఒలికిన నీళ్లు, వీటితోనే పెరడు నడవాలి.

అందుకే అదను మరీ ముఖ్యం. బీర, సొర, దోస, గుమ్మడి తీగలకు మగపూలు, ఆడపూలు వేరువేరుగా వస్తాయి. పువ్వు కింద చిన్న పిందె ఉంటే ఆడది, ఉత్త కాడ ఉంటే మగది. పొద్దు పెరిగి ఎండ ముదిరేకొద్దీ తీగకు మగపూలే ఎక్కువవుతాయి. ఫాల్గుణం చివర్లో గింజ పెట్టి "పందిరంతా పూతే, ఒక్క కాయా లేదు" అని బాధపడేవాళ్లు మా వీధిలో ఏటా కనిపిస్తారు. మాఘంలో పెట్టిన తీగ ఎండలు ముదిరే లోపే కాపుకు వస్తుంది. టమాటాదీ అదే కథ. రాత్రిళ్లు కూడా వేడిగా ఉంటే పూత రాలిపోతుంది, ఎన్ని నీళ్లు పోసినా కాయ కట్టదు. బెండ మాత్రం ఎండకు ఓర్చుకుంటుంది. అయితే చలిలో దాని గింజ మొలవదు కాబట్టి రాత్రి చలి కాస్త విరిగాక, గింజను ఒక పూట నానబెట్టి, వేసవి పంటకు జానెడు దూరంలో దగ్గర దగ్గరగా పెట్టుకోవాలి. నెలన్నరకు కాయ కోస్తాం.

పూత విషయంలో గోంగూర చిక్కుడుకు తోబుట్టువు. దానికీ పొద్దు తగ్గితేనే పూత. అంటే మాఘం చివర చల్లిన గోంగూర వానాకాలం దాటేదాకా పువ్వు జోలికి పోకుండా ఆకే ఇస్తుంది. చిగుళ్లు గిల్లుతూ ఉంటే కొమ్మలు వేస్తూనే ఉంటుంది. వేసవిలో మార్కెట్లో వాడిపోయిన కట్ట కొనేకంటే ఒక చిన్న మడి చాలు ఇంటికి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో మనిషికి రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు సూచించింది. నలుగురున్న ఇంటికి రోజుకు కిలోన్నర పైమాటే. అంత కూర కొని తినగలిగిన ఇళ్లు మా వైపు ఎన్ని? పప్పులో పావుకిలో దోసకాయ వేసి నలుగురూ సర్దుకునే ఇళ్లే ఎక్కువ. పెరటి పందిరిని పెద్దింటి సరదాగా చూసేవాళ్లతో నాకు పేచీ అక్కడే. అది పేదింటికి అన్నం పక్కన కూర.

ఇక విత్తనం. నాటు బీరకాయలో మొదటి కోతల్లోనే ఒక మంచి కాయను ఎంచి, కొయ్యకుండా తీగ మీదే ఎండనివ్వాలి. ఎండిన కాయను గింజలతో సహా చూరుకు వేలాడదీస్తే వచ్చే మాఘానికి గలగలమంటూ సిద్ధంగా ఉంటుంది. పీచు ఒళ్లు రుద్దుకోవడానికి పనికొస్తుంది. దోస గింజకు మా అత్తగారి పద్ధతి వేరు. పండిన దోసకాయ కోసి ముందు చిన్న ముక్క నోట్లో వేసుకునేవారు. చేదుంటే ఆ కాయ గింజ పారేయడమే. తియ్యగా ఉంటే గింజలు కడిగి, బూడిదలో పొర్లించి ఆరబెట్టి, కుండలో వేపాకు వేసి దాచేవారు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. మనం పప్పులో వేసుకునే దోస, ఖర్బూజా ఒకే జాతివి. పక్కపక్కన పెడితే తేనెటీగలు పుప్పొడి కలిపేస్తాయి, మరుసటి ఏడు అటూ ఇటూ కాని కాయ వస్తుంది. కీరా వేరే జాతి, దానితో ఆ భయం లేదు.

ప్యాకెట్లో వచ్చే హైబ్రిడ్ గింజ బాగా కాస్తుంది, కాదనను. కానీ ఆ కాయలో గింజ తీసి పెడితే తల్లి గుణం నిలవదు, ఏటా కొనాల్సిందే. నాటు విత్తనం అట్లా కాదు. దాచుకున్న విత్తనం తిరిగి వేసుకోవడం, ఇరుగుపొరుగుతో మార్చుకోవడం రైతు హక్కు అని 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కూడా రాసింది. చట్టం రాకముందే మా ఆడవాళ్లు చీర కొంగున కట్టుకుని పుట్టింటి గింజను అత్తింటికి తెచ్చుకున్నారు. మా పందిరి మీద కాసే చిక్కుడు అట్లా వచ్చిందే.

నీళ్లు పొదుపు చేయడానికి నాకు తెలిసిన అన్నిటికంటే మంచి ఉపాయం పాత మట్టికుండ. పాదు మధ్యలో కుండను మెడ దాకా పాతి, నీళ్లు నింపి, మూకుడు మూసి, చుట్టూ నాలుగు గింజలు పెట్టాలి. కుండ చెమర్చుతూ వేర్లకు తడి అందిస్తుంది. పైన మట్టి పొడిగా ఉంటుంది కాబట్టి కలుపూ తక్కువే. నూనె ఇంకిన కుండ, రంగు వేసిన కుండ పనికిరావు, వాటికి చెమర్చే గుణం ఉండదు. ఇదేమీ కొత్త సంగతి కాదు. క్రీస్తు పూర్వం ఒకటో శతాబ్దంలో చైనాలో ఫాన్ షెంగ్‌జీ రాసిన సేద్యపు గ్రంథంలో ఇట్లాగే కుండ పాతి చుట్టూ దోసజాతి పాదులు పెట్టే పద్ధతి ఉంది. పాదు మీద రాలిన మామిడాకు, చిక్కుడు తుక్కు మందంగా పరిస్తే తడి ఇంకా నిలుస్తుంది. సబ్బు నీళ్లు మాత్రం తీగలకు వద్దు, అరటి పాదుకు మళ్లించండి.

బజారు ఎరువు కొనాల్సిన పని లేదు. ఎకరానికి 200 లీటర్ల నీళ్లలో కలిపే జీవామృతాన్ని పెరటికి తగ్గించి, కిలో పేడ, లీటరు ఆవు మూత్రం, 200 గ్రాముల బెల్లం, అంతే శనగపిండి, పిడికెడు గట్టుమట్టి 20 లీటర్ల నీళ్లలో కలిపి, నీడలో రెండు రోజులు ఉంచి, పూటపూటా కర్రతో తిప్పితే చాలు. మన ఆంధ్రప్రదేశ్‌లో లక్షల మంది రైతులు ఇట్లాంటి ప్రకృతి వ్యవసాయ దారిలో ఉన్నారు. రాష్ట్రంలోని ఆ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ గుల్బెంకియన్ బహుమతిలో వాటా దక్కింది. మొలకల మీద వాలే ఎర్ర పెంకుపురుగుకు తెల్లవారుజామున మంచు తడి మీద కట్టెల పొయ్యి బూడిద చల్లండి. పురుగు పట్టిన కాయను తీగ మీద వదలకుండా కోసి లోతుగా పూడ్చండి. సందేహం ఉంటే జగ్గయ్యపేట దగ్గర గరికపాడులో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది.

పందిరికి మా దగ్గర సుబాబుల్ కర్ర కరువు లేదు. పేపరు మిల్లుల కోసం వేసిన తోటల్లో సన్నకొమ్మలు అడిగితే ఇస్తారు.

బీరపువ్వు, సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటాయి, దోస, గుమ్మడి పొద్దున్నే. పిందె నిలవకపోతే ఆ వేళకు మగపువ్వు కోసి, రేకులు తీసి, ఆడపువ్వు మధ్యలో తాకించండి. నాటు గింజ దొరకలేదని ఊరుకోవద్దు. మీ ఊళ్లో పందిరి ఉన్న ఏ ఇంటికైనా వెళ్లి ఆ ఇల్లాలిని అడగండి, గుప్పెడు పెడుతుంది. మీ తీగ కాశాక మొదటి కోతల్లోనే ఒక కాయ విత్తనానికి వదలండి, వచ్చే ఏడు మీ గుమ్మంలోకి వచ్చి అడిగేవాళ్లకు అందులోంచి ఇవ్వండి.