ఆమెను గూడ నడుగుదము



మా మద్దూరులో మాకు పొరుగున నిరువదియేండ్ల పడుచు కలదు. ఆమెకు వయసునకు తగిన బుద్ధివికాసము లేదు. పలుకునది రెండు మూడు మాటలే. నెలసరి దినములలో బిడ్డను చూచుకొనుట కష్టమై, తల్లి యామెకు గర్భసంచి తీయింప నెంచినది. "పిల్లను అడిగితివా వదినా?" యంటిమి. "దానికేమి తెలుసు వదినా!" యని యామె కంటతడి పెట్టినది.

ఆ తల్లి యలసటను మేము తప్పుపట్టము. కాని జడుడని తలచి భరతునిచే పల్లకి మోయించిన రహూగణుడు, అతడు నోరు విప్పినపుడు గదా తన పొరపాటు నెఱిగెను! అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు. అడుగనేరని బిడ్డను అమ్మయే యడుగవలదా?

ఎట్లడుగుదుమందురా? ఒక్కమాఱొక్క సంగతియే చిన్న మాటలలో చెప్పవలెను. బొమ్మ చూపవలెను. తొందర పెట్టరాదు. మఱునాడు ప్రశ్నను మార్చి యడిగినచో, అది తన కోరికయో మన మెప్పుకొఱకు తలయూచుటయో తెలియును.

మా వారి సుద్దముక్కతో పలకమీద ఆసుపత్రిని, మంచమును, కడుపుమీది కోతను గీసి చూపితిమి. ఆ పిల్ల కడుపునకు చేతులడ్డముంచుకొని "వద్దు" అన్నది. మఱునాడును అదియే జవాబు. అంతట తల్లి యా తలంపు మానినది. గుడ్డ మార్చుకొనుట బొమ్మకు కట్టి నేర్పగా, నాలుగు నెలలకు పిల్ల తానే చేసికొనజొచ్చినది. తల్లి శ్రమ పూర్తిగా తీరలేదు, సగము తగ్గినది.

ఇది దయ మాత్రమే కాదు, చట్టము. చండీగఢ్ సంరక్షణాలయమున నుండిన యొక యువతికి బుద్ధిమాంద్యము కలదను కారణమున, ఆమె సమ్మతి లేక గర్భస్రావము చేయరాదని 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. సంతానయోగ్యతను పోగొట్టు చికిత్స యేదియు, విషయము తెలిసి స్వేచ్ఛగా నిచ్చిన సమ్మతి లేక వికలాంగులకు చేయరాదని 2016 నాటి చట్టము శాసించుచున్నది. సంరక్షకుని నియమించినను, అతడు వారిని సంప్రదించియే నిర్ణయింపవలెను. ఇట్టి బిడ్డల పోషణలో తల్లిదండ్రులకు తోడ్పడుటకు 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ సికిందరాబాదు మనోవికాస నగరమున నున్నది.

అయినను మొదటి బడి మన యిల్లే. ఏ రవిక కావలెనో, ఏ కూర కావలెనో యెన్నడు నడుగని బిడ్డ, వైద్యుని యెదుట తన మనసెట్లు చెప్పగలదు? నేటి రాత్రి భోజనముతోనే యారంభింపుడు. వంకాయను, బెండకాయను ముందుంచి యడుగుడు. ఆమె చేయి దేనిని తాకునో యంతవఱకు వేచియుండుడు.