టమాటా బండికి బ్యాటరీ

తెల్లవారుజామునే మదనపల్లె మార్కెట్ యార్డు నిండిపోతుంది. నిమ్మనపల్లె, కురబలకోట, రామసముద్రం, పుంగనూరు వైపు పల్లెల నుంచి టమాటా బాక్సులు ఎత్తుకొచ్చిన టాటా ఏస్‌లు, ఆటో ట్రాలీలు, బొలెరో పికప్‌లు మండీల ముందు వరస కడతాయి. సరుకు దించి, వేలం ముగిసేదాకా ఆగి, ఖాళీ బాక్సులతో ఇంటిదారి పడతాయి. పోనూ రానూ నలభై కిలోమీటర్లు, అరవై, మహా అయితే ఎనభై. సీజన్‌లో రోజూ అదే దారి, ఇంచుమించు అదే బరువు.

ఎలక్ట్రిక్ బండికి ఇంతకన్నా అనువైన పని దొరకదు. బ్యాటరీ బండి అనగానే అందరికీ కారే గుర్తొస్తుంది. నిజానికి చిన్న ఊళ్లో కారు రోజుకు ఇరవై కిలోమీటర్లు తిరిగితే గొప్ప. బ్యాటరీ బండి కొన్ననాడు డబ్బు ఎక్కువ గుంజి, తిరిగిన ప్రతి కిలోమీటరుకూ కొంత కొంత వెనక్కి ఇస్తుంది. కాబట్టి ఎక్కువ తిరిగే బండికే లాభం ముందు. సామాన్యుడికి అందే ఎలక్ట్రిక్ వాహనం షోరూం అద్దాల వెనక మెరిసే కారు కాదు, బాక్సులు మోసే ఈ చిన్న ట్రక్కే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఉన్న చోటును మ్యాపులో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. దక్షిణాన కృష్ణగిరి జిల్లాలో ఓలా స్కూటర్ల ఫ్యాక్టరీ, హోసూరులో ఏథర్. పడమటన బెంగళూరు బొమ్మసంద్రలో దేశపు తొలి ఎలక్ట్రిక్ కార్లలో ఒకటైన రేవా పుట్టిల్లు. ఉత్తరాన పెనుకొండలో 2019 నుంచి నడుస్తున్న కియా. తూర్పున తిరుపతి పక్కనే కరకంబాడిలో అమరరాజా బ్యాటరీలు. చుట్టూ బండ్లు, బ్యాటరీలు తయారయ్యే ఊళ్లు. నడుమ వాటిని కొనాల్సిన ఊళ్లు. ఈ నాలుగు దిక్కుల కథ కలిపితేనే బ్యాటరీ బండి జీవితకథ అవుతుంది.

అది 2001లో బొమ్మసంద్రలో మొదలవుతుంది. చేతన్ మైని బృందం తయారుచేసిన రేవా రెండు తలుపుల బుల్లి కారు. సీట్ల కింద ఎనిమిది లెడ్-యాసిడ్ బ్యాటరీలు, ఒకసారి చార్జ్ చేస్తే 80 కిలోమీటర్లు. లండన్‌లో దీన్ని జీ-విజ్ పేరుతో ముచ్చటపడి కొన్నారు. మన దేశంలో మాత్రం పెద్దగా అమ్ముడుపోలేదు. 2010లో మహీంద్రా ఆ కంపెనీని చేజిక్కించుకుంది. కారుగా అంతగా గెలవని ఆ అనుభవం ఆటోగా గెలిచింది. 2018లో ట్రియో ఆటో, 2020 అక్టోబరులో సరుకుల కోసం ట్రియో జోర్ వచ్చాయి. ట్రియో జోర్ ధర 2.73 లక్షల నుంచి మొదలైంది. 550 కిలోల బరువు మోస్తుంది. బ్యాటరీ ఏడున్నర యూనిట్ల (కిలోవాట్-అవర్ల) లోపే. రోజుకు ఎంత దూరం తిరగాలో అంతకు సరిపడా బ్యాటరీ పెట్టి, అంతకు మించి ఒక్క కిలో కూడా మోయించకపోవడమే చవక బండి తయారీలో మొదటి సూత్రం అని అది చూపించింది.

రేవాకు, ఈ బండ్లకు మధ్య మారింది ముఖ్యంగా రసాయనం. సీసం బ్యాటరీ కిలో బరువులో 35 వాట్-అవర్ల చుట్టూ మాత్రమే కరెంటు దాచగలదు. ఇవాళ్టి చిన్న ట్రక్కుకు కావలసిన 14.4 కిలోవాట్-అవర్లు సీసంలో దాచాలంటే బ్యాటరీయే 400 కిలోలు దాటుతుంది. 750 కిలోలు మోయాల్సిన బండిలో సగానికి పైగా బరువు బ్యాటరీకే పోతే, టమాటాలు ఎక్కడ పెట్టాలి? లిథియం ఐరన్ ఫాస్ఫేట్ వచ్చాక అదే శక్తి దాదాపు 120 కిలోల్లో ఇమిడింది. ఈ పదార్థం అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడెనఫ్ ప్రయోగశాలలో బయటపడింది. 1997లో అచ్చయిన ఆ పరిశోధన పత్రంలో గుడెనఫ్ పేరు పక్కన అక్షయ పాఢి, నంజుండస్వామి అనే మనవాళ్ల పేర్లూ ఉన్నాయి. ఇందులో నికెల్ ఉండదు, కోబాల్ట్ ఉండదు. ఉన్నవి ఇనుము, భాస్వరం. రెండూ చవక. పైగా వేడెక్కినప్పుడు మిగతా లిథియం రకాలంత తొందరగా మంట అంటుకోదు. మే నెలలో మదనపల్లె ఎండలో గంటల తరబడి నిలబడే బండికి ఇది చిన్న విషయం కాదు.

ధర సంగతీ చూడాలి. 2010లో లిథియం బ్యాటరీ ప్యాక్ సగటున కిలోవాట్-అవర్‌కు వెయ్యి డాలర్ల పైమాటే. 2024కు బ్లూంబర్గ్ ఎన్‌ఈఎఫ్ లెక్కలో అది 115 డాలర్లకు దిగింది. పద్నాలుగు యూనిట్ల బ్యాటరీకి అప్పటి ధరలో, ఇప్పటి రూపాయి లెక్కన, పన్నెండు లక్షలు అయ్యేది. ఇప్పుడు లక్షన్నర లోపు. ప్రభుత్వ రాయితీలు తోడ్పడ్డాయి, కాదనలేం. 2019 ఆగస్టు 1 నుంచి ఎలక్ట్రిక్ వాహనాలపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. అయినా అసలు పని చేసింది ఈ పతనమే.

అమరరాజా కథలో ఈ మార్పు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. చిత్తూరు జిల్లా నుంచి అమెరికా వెళ్లి ఇంజినీరుగా పనిచేసి తిరిగొచ్చిన గల్లా రామచంద్రనాయుడు 1985లో పెట్టిన కంపెనీ అది. సీసం బ్యాటరీలతో దేశమంతా పేరు తెచ్చుకుంది. 2023లో తన పేరునే అమరరాజా ఎనర్జీ అండ్ మొబిలిటీగా మార్చుకుంది. అదే ఏడాది మే నెలలో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో 9,500 కోట్ల పెట్టుబడితో లిథియం సెల్స్ ఫ్యాక్టరీకి పునాది వేసింది. 2024లో పియాజియో ఆటోలకు ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ ఇచ్చేందుకు ఒప్పందం కుదుర్చుకుంది. సెల్ మన దగ్గరే తయారైతే బండి ధర మన చేతిలో ఉంటుంది. ఇప్పటిదాకా ఆ తాళంచెవి చైనా దగ్గరుంది.

ఇక కొనేవాడి లెక్క. టాటా ఏస్ 2005లో పుట్టింది. దాని ఎలక్ట్రిక్ రూపం 2022 మే నెలలో వచ్చింది: 600 కిలోల బరువు, 21.3 కిలోవాట్-అవర్ల బ్యాటరీ, కాగితం మీద 154 కిలోమీటర్లు. కానీ మొదట ఆ బండి ఎవరికి దక్కింది? అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, బిగ్‌బాస్కెట్ లాంటి కంపెనీలతో 39,000 బండ్లకు ఒప్పందాలు కుదిరాయి. ఒక్క బండి కొనుక్కుని బతికే ఊరి డ్రైవర్ వరసలో చివరన నిలబడ్డాడు. ధర అందుబాటులో ఉండటం వేరు, బండి అందుబాటులో ఉండటం వేరు.

2025 జూన్‌లో ఏస్ ప్రో వచ్చాక ఈ తేడా కాస్త తగ్గింది. ఒకే బండిలో, వచ్చినప్పటి ధరల్లో, పెట్రోలుది 3.99 లక్షలు, ఎలక్ట్రిక్‌ది 6.50 లక్షలు. రెండూ 750 కిలోలు మోస్తాయి. తేడా రెండున్నర లక్షలు. ఎలక్ట్రిక్‌కు కంపెనీ చెప్పే దూరం 155 కిలోమీటర్లు. లోడు, ఎత్తుపల్లాలు లెక్కేసుకుని 110 అనుకుందాం. చార్జింగ్‌లో వృథాతో కలిపి కిలోమీటరుకు 0.15 యూనిట్. యూనిట్ ఎనిమిది రూపాయలు వేసుకున్నా కిలోమీటరుకు రూపాయి ఇరవై పైసలు. పెట్రోలు లీటరు 110 రూపాయలు, మైలేజీ 16 అనుకుంటే కిలోమీటరుకు ఏడు రూపాయలకు దగ్గర. రోజుకు 60 కిలోమీటర్ల చొప్పున ఏడాదిలో 250 రోజులు తిరిగే బండికి 85 వేలు మిగులుతుంది. మూడేళ్లలో తేడా తీరిపోతుంది.

అదే బండి టమాటా సీజన్‌లో 120 రోజులే తిరిగి, మిగతా కాలం చెట్టు కింద ఉంటే? ఆరేళ్లు పడుతుంది. అందుకే ఈ ప్రాంతంలో ఎలక్ట్రిక్ ట్రక్కు కొనేవాడు ముందు చూసుకోవాల్సింది బ్యాటరీ సైజు కాదు, ఏడాది పొడవునా బాడుగ. కుప్పం వైపు పాలు, పట్టుగూళ్లు, కూరగాయలు ఉన్నాయి; పుంగనూరు వైపు పాడి ఉంది. ఈ లోడ్లు కలిపి తోలుకునేవాడికి లెక్క కుదురుతుంది. కుదరని వాళ్లూ ఉంటారు. మదనపల్లె నుంచి బెంగళూరుకు 120 కిలోమీటర్ల చుట్టూ ఉంటుంది. నిండు లోడుతో వెళ్లి అదే రోజు తిరిగి రావాలంటే ఈ చిన్న బ్యాటరీ చాలదు. ఆ దారికి ఇప్పటికి డీజిలే.

ఇంకో దెబ్బ పన్ను వైపు నుంచి తగిలింది. 2025 సెప్టెంబరు 22న పెట్రోలు, డీజిల్ సరుకు వాహనాల జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. ఎలక్ట్రిక్‌ది పాత 5 శాతమే. పెట్రోలు బండి చవకైంది, తేడా మళ్లీ పెరిగింది.

అప్పు సంగతి ఇంతకన్నా గట్టిది. డీజిల్ బండికి ఫైనాన్స్ కంపెనీ కళ్లు మూసుకుని అప్పిస్తుంది, ఎందుకంటే ఐదేళ్ల తర్వాత దాని సెకండ్ హ్యాండ్ రేటు ఎంతో దానికి తెలుసు. బ్యాటరీ బండికి ఆ లెక్క ఇంకా తేలలేదు. దాంతో వడ్డీ ఎక్కువ, గడువు తక్కువ, కంతు బరువు. కరెంటులో మిగిలింది కంతులో కరిగిపోతే డ్రైవర్‌కు చేతికొచ్చేదేమిటి? కార్లలో దీనికి ఒక దారి కనిపెట్టారు. 2024 సెప్టెంబరులో ఎంజీ విండ్సర్‌ను బ్యాటరీ లేకుండా 9.99 లక్షలకు అమ్మి, బ్యాటరీకి కిలోమీటరుకు మూడున్నర రూపాయల అద్దె పెట్టారు. ఇదే పద్ధతి సరుకు బండికి, తక్కువ అద్దెతో, పల్లె దాకా వస్తే కొనేవాళ్ల సంఖ్య మారిపోతుంది.

ఈ పద్ధతి మదనపల్లెకు కొత్తేమీ కాదు, బస్సు రూపంలో ముందే వచ్చింది. 2022 సెప్టెంబరులో తిరుమల కొండకు ఎలక్ట్రిక్ బస్సులు ప్రారంభించినప్పుడు ఆర్టీసీ తీసుకున్న వంద బస్సుల్లో 12 తిరుపతి-మదనపల్లె మార్గానికి కేటాయించారు. హైదరాబాద్ కంపెనీ ఒలెక్ట్రా తయారుచేసిన ఈ బస్సులను ఆర్టీసీ కొనలేదు. నడిపే సంస్థకు కిలోమీటరుకు ఇంత అని చెల్లిస్తుంది. కోటి దాటే బస్సు ధరను కిలోమీటర్ల మీద పంచేశారన్నమాట.

ఈ దారి బ్యాటరీకి మంచి పరీక్ష కూడా. తిరుపతి సముద్రమట్టానికి 160 మీటర్ల ఎత్తులో ఉంటే మదనపల్లె 700 మీటర్లకు దగ్గరలో ఉంది. భాకరాపేట ఘాట్ ఎక్కి, పీలేరు దాటి పైకి రావాలి. 13 టన్నుల బస్సును 500 మీటర్లు పైకెత్తడానికే దాదాపు 18 యూనిట్ల కరెంటు కావాలి, రోడ్డు రాపిడి, గాలి నిరోధం వేరే. డీజిల్ బస్సు దిగేటప్పుడు బ్రేకుల్లో ఆ శక్తిని వేడిగా పారబోస్తుంది. ఎలక్ట్రిక్ బస్సులో మోటారే జనరేటరుగా మారి కొంత తిరిగి బ్యాటరీలోకి పంపుతుంది. బ్రేకు ప్యాడ్ల అరుగుదలా తగ్గుతుంది. కొండ ప్రాంతానికి బ్యాటరీ బండి పనికిరాదన్న అనుమానానికి ఈ బస్సులే జవాబు.

మున్సిపాలిటీల చెత్త బండ్లది మరో పాఠం. 2023 జూన్‌లో రాష్ట్రంలోని 36 చిన్న మున్సిపాలిటీలకు 516 ఈ-ఆటోలు ఇచ్చారు, ఒక్కోటి 4.10 లక్షలు, మోత 500 కిలోలు. తోలే పనిలో మహిళలకు చోటు కల్పించారు. నేపాల్ రాజధాని ఖాట్మండులో 1990ల నుంచే సఫా టెంపోలనే బ్యాటరీ మూడు చక్రాల బండ్లు తిరుగుతున్నాయి, వాటి డ్రైవర్లలో ఎందరో ఆడవాళ్లు. క్లచ్ లేదు, గేర్లు మార్చే పని లేదు, కిక్ కొట్టే అవసరం లేదు. కొత్తగా తోలడం నేర్చుకునేవాళ్లకు ఇది పెద్ద ఊరట.

పుంగనూరు పేరు 2023 అక్టోబరులో హఠాత్తుగా వార్తల్లోకి వచ్చింది. జర్మనీ కంపెనీ పెప్పర్ మోషన్ 4,640 కోట్ల పెట్టుబడితో, 800 ఎకరాల్లో, ఏటా 30 వేలకు పైగా ఎలక్ట్రిక్ బస్సులు, ట్రక్కులు తయారుచేసే ఫ్యాక్టరీ పెడతానంది. అవి ప్రకటనలోని అంకెలు. వాటికన్నా ఆ కంపెనీ అసలు పని ఆసక్తికరం: పాత డీజిల్ బస్సుల, ట్రక్కుల ఇంజిన్ తీసేసి మోటారు, బ్యాటరీ బిగించడం. చవక బండికి ఇదే దగ్గరి దారి అని చాలామంది అనుకుంటారు. హైదరాబాద్‌లో ఎట్రియో కూడా మొదట పాత కార్లను ఇలాగే మార్చింది, తర్వాత కొత్త ఈ-ఆటోల వైపు మళ్లింది. కారణం ఊహించదగ్గదే. ఖర్చంతా బ్యాటరీలో ఉంది. పాత బాడీ వాడుకున్నా ఆ ఖర్చు తగ్గదు. పెద్ద బస్సుకు, ఖరీదైన ఛాసిస్‌కు మార్పిడి లాభసాటి కావచ్చు. చిన్న ట్రక్కుకు కొత్త బండే మేలు.

కరెంటు ఎక్కడిది అన్నది మిగిలిన ప్రశ్న. కుప్పం నియోజకవర్గంలోని నడిమూరు గ్రామంలో 2025 జనవరిలో ఇళ్ల కప్పుల మీద సోలార్ ప్యానెళ్ల పథకం మొదలైంది. రెండు కిలోవాట్ల ప్యానెళ్లు మంచి ఎండలో రోజుకు ఎనిమిది యూనిట్లు ఇస్తాయి. చిన్న ట్రక్కు యాభై కిలోమీటర్లు తిరగడానికి అది చాలు. చిక్కల్లా ఎండ కాసే వేళకు బండి ఇంట్లో ఉండదు. పగలు గ్రిడ్‌కు ఇచ్చి రాత్రి తీసుకునే నెట్ మీటరింగ్ ఉంటేనే లెక్క కుదురుతుంది.

మార్కెట్ యార్డుదీ ఇదే సంగతి, తిరగేసి. అక్కడ బండి గంటల తరబడి ఊరికే నిలబడి ఉంటుంది. ఫాస్ట్ చార్జర్లు అక్కర్లేదు. మండీల ముందు స్తంభాలకు 15 ఆంపియర్ల సాకెట్లు, మీటరు, పైన ఒక రేకుల నీడ చాలు. వేలం జరిగే రెండు గంటల్లో ఆరు యూనిట్లు ఎక్కితే నలభై కిలోమీటర్లు. రామసముద్రం నుంచి వచ్చిన బండి ఖాళీ బాక్సులు ఎత్తుకుని ఇంటికి చేరాక కూడా, సాయంత్రం పాల క్యాన్ల ట్రిప్పుకు కరెంటు మిగిలి ఉంటుంది.