చిప్పుకే పరీక్ష పెట్టిన మాస్టారు

* ఉస్మానియాలో డిగ్రీ.. బెంగళూరులో పీజీ.. అయోవాలో ఆచార్య పీఠం
* సర్క్యూట్లలో దోషాలు పట్టడంపై దశాబ్దాల కృషి

బెంగళూరు: సెల్‌ఫోన్ నుంచి ఏటీఎం దాకా అన్నిటినీ నడిపించేది చిప్పే. గోరంత ముక్కలో కోట్ల ట్రాన్సిస్టర్లు. ఒక్కటి మొరాయించినా లెక్క తప్పొచ్చు. కంటికి కనిపించని ఆ తప్పును ఫ్యాక్టరీ గడప దాటకముందే పట్టేదెలా? ఈ ప్రశ్న వెంటే దశాబ్దాలు నడిచారు ప్రొఫెసర్ సుధాకర్ ఎం.రెడ్డి.

హైదరాబాద్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ చదివిన ఆయన, ఇక్కడివాళ్లు టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలుచుకునే భారతీయ విజ్ఞాన సంస్థలో పీజీ చేశారు. ఆపై అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ. 1968లో అక్కడే అధ్యాపకుడయ్యారు. 1981 నుంచి 2000 దాకా విభాగాధిపతిగా పనిచేశారు. 1990లో విశ్వవిద్యాలయ ఫౌండేషన్ విశిష్ట ఆచార్య హోదా దక్కింది.

68 పరీక్షలు చాలు!

64 ఇన్‌పుట్లున్న సర్క్యూట్‌కు సున్నాలు, ఒకట్లు అన్ని రకాలుగా మార్చి ఇచ్చి చూడాలంటే, సెకనుకు 10 లక్షల చొప్పున పరీక్షించినా 5.8 లక్షల ఏళ్లు పడుతుంది. అయ్యే పనేనా? అందుకే రెడ్డి సమస్యను తిరగేశారు. కట్టాక వెతకడం కాదు, వెతకడానికి వీలుగానే కడదామన్నారు. ఆండ్, ఎక్స్-ఆర్ గేట్లతో ప్రత్యేక పద్ధతిలో కడితే, లోపలి ఒక్క గేటు దోషాన్ని ఇన్‌పుట్ల సంఖ్యకు 4 కలిపినన్ని పరీక్షలతో పట్టొచ్చని 1972లో నిరూపించారు. అంటే 64 ఇన్‌పుట్లకు 68 పరీక్షలు. ఇన్‌పుట్ తీగల్లోనూ దోషం ఉండొచ్చనుకుంటే ఇంకొన్ని కలుస్తాయంతే. గొలుసులా పేర్చిన గేట్లతో వేగం తగ్గడం ఇందులోని చిక్కు. అయినా పరీక్షకు అనువుగా డిజైన్ చేయాలన్న ఆలోచనకు అది బలమిచ్చింది.

ఆలస్యమూ దోషమే

సీమాస్ చిప్పులు వచ్చాక కొత్త తంటా మొదలైంది. ట్రాన్సిస్టర్ తెగిపోతే గేటు పాత జవాబునే పట్టుకుని కూర్చుంటుంది. ఒక్క పరీక్షకు దొరకదు. వెంటవెంటనే రెండు పెట్టాలి. ఇలాంటి దోషాలు దొరికిపోయేలా సర్క్యూట్లు కట్టే తీరును 1986లో సహ పరిశోధకుడితో కలిసి చూపారు. జవాబు సరైనదే అయినా ఆలస్యంగా వస్తే అదీ దోషమే. అలాంటి జాప్యాన్ని నమ్మకంగా పట్టే పరీక్షలపై సి.జె.లిన్‌తో కలిసి 1987లో పత్రం వెలువరించారు.

కోలారు, బళ్లారి, హోసూరు నుంచి చిప్ డిజైన్ కొలువుల కోసం బెంగళూరు బాట పట్టే మన పిల్లలు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. చిప్పు గీసేవాళ్లకే కాదు, అందులో తప్పు పట్టేవాళ్లకూ ఈ రంగంలో పెద్దపీటే.