‘బయో’ సీసా కొనేముందు చట్టం ఎక్కడిదాకా వస్తుందో చూడండి

పై వీడియోలో నా చేతిలో ఉన్న సీసా చూశారు కదా? మీద వేపాకు బొమ్మ, ‘నూటికి నూరు శాతం బయో’ అని రాత. పోయిన ఏడు బెండకి పేనుబంక ఎక్కువైతే ఒక్కసారి కొట్టాను. మూడు రోజుల్లో మొత్తం పోయింది, సంబరపడ్డాను. కొనేవాళ్లు కాయని ల్యాబ్‌కి పంపితే ఇమిడాక్లోప్రిడ్ బయటపడింది. మందు అవశేషాలు అసలు ఉండకూడదని మా ఒప్పందం. లోడు వెనక్కి వచ్చేసింది.

అప్పుడు కూర్చుని చట్టం చదివాను. 1958లో కేరళలో పారథియాన్ కలిసిన గోధుమపిండి తిని వంద మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది. పురుగుని చంపుతుందని చెప్పి అమ్మే ఏ మందైనా కేంద్ర రిజిస్ట్రేషన్ కమిటీలో నమోదు కావాలి. ఏ పంటకి, ఏ పురుగుకి, ఎంత మోతాదు, కోతకి ఎన్నాళ్ల ముందు ఆపాలి, అన్నీ అక్కడే తేలుస్తారు. వేప నుంచి తీసిన అజాడిరక్టిన్‌కీ ఇదే రూలు. లేబుల్ మీద డైమండ్ గుర్తు రంగు విషం తీవ్రత చెబుతుంది: ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ, ఇలా తగ్గుతూ వస్తుంది. ఆకుపచ్చ ఉంది కదా అని సేంద్రియం అనుకునేరు, కాదు!

ఇక్కడో తిరకాసు ఉంది. ఇదే చట్టం 38వ సెక్షన్ ప్రకారం, రైతు తను సాగుచేసే భూమిలో వాడుకునే మందుకి ఈ చట్టం వర్తించదు. అందుకే మనం కాచుకున్న నీమాస్త్రానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. గట్టు అవతల కొట్టేవాళ్లకీ అదే వెసులుబాటు అనుకోండి! కాపలా అంతా తయారీ దగ్గర, షాపు దగ్గర. మళ్లీ తిండి దగ్గర ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చూస్తుంది. ఒక మందుకి ఆ పంటలో ప్రత్యేకంగా పరిమితి పెట్టకపోతే, సాధారణంగా కిలోకి 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. అంటే వెయ్యి క్వింటాళ్ల కాయలో ఒక్క గ్రాము.

మరి నా సీసా? అది ‘బయో స్టిమ్యులెంట్’ పేరుతో అమ్మింది. వీటిని 2021 ఫిబ్రవరిలో ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోకి తెచ్చారు. పురుగుమందు 0.01 పీపీఎం మించి ఉండకూడదు. ఇవి మొక్క బలానికే, పురుగుని చంపుతుందని చెప్పి అమ్మకూడదు. షాపాయన నోటితో ‘పురుగు పోద్ది’ అన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఇప్పుడు కొనేముందు రిజిస్ట్రేషన్ నంబరు, బ్యాచ్ నంబరు ఫోన్‌లో ఫొటో తీసుకుంటున్నా. తేడా అనిపిస్తే మండల వ్యవసాయ అధికారికి చెప్పండి, షాపులో శాంపిల్ తీసి పరీక్షకి పంపే అధికారం వాళ్లకుంది. బిల్లు మాత్రం అడిగి తీసుకోండి. ఆరోజు వంద రూపాయలు తగ్గిస్తానంటే నేను బిల్లు వదిలేశాను. ఫిర్యాదు చేద్దామని వెళ్తే ఆ షాపులో కొన్నట్టు చూపించడానికి నా దగ్గర కాగితం ముక్క లేదు.