డెంగీ వెళ్లే దారి చుట్టాల ఇళ్ల మీదుగానే

నెల్లితోపు (పుదుచ్చేరి): ఈశాన్య రుతుపవనాల వానలు, దీపావళి పండుగ ఇంచుమించు ఒకే కాలంలో రావడం ఈ కోస్తా పట్టణానికి మామూలే. పెరళ్లలో నీరు నిలిచేదీ, ఇళ్లకు చుట్టాలు వచ్చేదీ ఆ రోజుల్లోనే. డెంగీ వ్యాప్తికి ఈ రెండూ చాలు. అయితే దానిని అడ్డుకోగల కబురు కూడా అదే దారిన ప్రయాణించగలదని పరిశోధనలు సూచిస్తున్నాయి.

డెంగీని మోసే ఏడిస్ ఈజిప్టై దోమ పగటిపూట కుడుతుంది. సాధారణంగా అది పుట్టిన చోటు నుంచి కొద్ది వందల మీటర్లకు మించి పోదు. మరి వ్యాధి ఒక పేట నుంచి మరొక పేటకు ఎలా చేరుతున్నది? పెరూ దేశంలోని ఇక్విటోస్ నగరంలో జరిపిన అధ్యయనం 2013లో దీనికి సమాధానమిచ్చింది. నివాసాల మధ్య దూరం కంటే, ఎవరు ఏయే ఇళ్లకు రాకపోకలు సాగిస్తున్నారన్నదే వ్యాప్తిని ఎక్కువగా నిర్ణయిస్తున్నదని అందులో తేలింది. జ్వరం బయటపడడానికి రెండు రోజుల ముందు నుంచే మనిషి నుంచి దోమకు వైరస్ అంటవచ్చు. అంటే ఆరోగ్యంగా కనిపించే అతిథే దానిని మోసుకురావచ్చు.

ప్రజల అవగాహన ఏ మేరకు పనిచేస్తుందన్న విషయాన్ని లండన్ విశ్వవిద్యాలయ పరిధిలోని రాయల్ హాలోవే కళాశాలకు చెందిన సెబాస్టియన్ ఫంక్, విన్సెంట్ జాన్సెన్, వారి సహచరులు 2009లో గణితశాస్త్ర నమూనాతో పరిశీలించారు. సమాచారం చేతులు మారేకొద్దీ దాని నాణ్యత తగ్గుతుందన్నది వారు తీసుకున్న ఆధారం. ఎవరు ఎవరినైనా కలిసే జనసమూహంలో అవగాహన వల్ల రోగుల సంఖ్య తగ్గుతుందే తప్ప వ్యాధి తలెత్తడం ఆగదు. కానీ రోగి చుట్టూ ఉన్నవారికి కబురు నేరుగా అందితే, వ్యాధి వ్యాపించే సంబంధాలూ కబురు నడిచే సంబంధాలూ ఒకటే అయితే, వ్యాధి అక్కడే ఆగిపోయే అవకాశం ఉంది.

చేతులు మారిన కబురు ఏమవుతుందో 1994 సెప్టెంబరులో సూరత్ చూపింది. ప్లేగు వార్తకు లక్షలాది మంది ఊరు విడిచారు. దుకాణాల్లో టెట్రాసైక్లిన్ మాత్రలకు కరవు వచ్చింది. అక్కడ వ్యాధి కంటే భయమే ముందు పరుగెత్తింది.

దోమల నియంత్రణ పుదుచ్చేరికి కొత్త కాదు. 1975లో ఇక్కడ నెలకొల్పిన వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్, 1981 నుంచి ఐదేళ్లపాటు బోదకాలు వ్యాధిపై ఒక పథకాన్ని అమలు జరిపింది. మందు చల్లడం కంటే దోమలు పుట్టే చోట్లను తగ్గించడానికే అందులో ప్రాధాన్యమిచ్చారు. అయితే బోదకాలు దోమ మురుగుకాల్వలో పుడుతుంది, కాల్వను పురపాలక సంఘం బాగుచేయగలదు. డెంగీ దోమ పుట్టేది ఇంట్లోని తొట్టిలో, పూలకుండీ కింది పళ్లెంలో. వాటిని వారానికొకసారి ఖాళీ చేసి, గోడలను తోమి కడగవలసినది ఇంటివారే. తోమకపోతే అంటుకున్న గుడ్లు నెలల తరబడి ఎండినా చావవు.

ఇంట్లో జ్వరమని చెబితే పండుగకు ఎవరూ రారన్న జంకుతో విషయం దాచేవారు లేకపోలేదు. కానీ వైరస్ అంటిన దోమ దానిని ఇతరులకు ఎక్కించే స్థితికి రావడానికి సుమారు ఎనిమిది నుంచి పన్నెండు రోజులు పడుతుంది. డెంగీ అని తేలిన వెంటనే, ఆ వారంలో వెళ్లివచ్చిన ఇళ్లకు కబురు చేస్తే, అక్కడివారికి ఎగిరే దోమలను చంపడానికీ, పిల్లలకు పగలు సైతం దోమతెర కట్టడానికీ వ్యవధి దొరుకుతుంది.