ప్రోగ్రాము ఎక్కుటకు ఆలస్యమేల?

కంప్యూటరులో క్రొత్త ప్రోగ్రామును చేర్చు సాధనమునకు ఇన్‌స్టాలర్ అని పేరు. దాని పని ఎంతవరకు వచ్చినదో తెరపై ఒక గీత తెలుపుచుండును. ఈ గీత నూటికి 90 వంతులవరకు చకచక సాగి, అచట నిలిచిపోవుట పలువురు చూచియే యుందురు. విసుగు చెందినవారు వెంటనే కంప్యూటరును ఆపివేయుదురు. పని నిజముగా ఆగినదా, కంటికి కనబడక జరుగుచున్నదా అని తెలిసికొనక ఇట్లు చేసినచో, ప్రోగ్రాము సగమే ఎక్కి, మరల ఎక్కించుటయు కష్టమగును.

ప్రత్తిని అదిమి బేళ్లుగా కట్టినట్లు, ప్రోగ్రామునకు కావలసిన వేలకొలది ఫైళ్లను కుదించి ఒక్క మూటగా మనకందింతురు. ఇన్‌స్టాలర్ ఆ మూటను తాత్కాలిక ఫోల్డరులో విప్పి, ఒక్కొక్క ఫైలును దాని చోట చేర్చి, ఆ వివరములను విండోస్‌లోని రిజిస్ట్రీలో నమోదు చేయును. కావున డిస్కుపై ఆ మూటకంటె చాల హెచ్చు ఖాళీ చోటు ఉండవలెను.

కాలమెట్లు వ్యయమగునో చూతము. సాధారణపు హార్డ్ డిస్కు నిమిషమునకు 7,200 సారులు, అనగా సెకనుకు 120 సారులు తిరుగును. ఒక చుట్టునకు 8.3 మిల్లీసెకనులు పట్టును. కోరిన చోటు హెడ్ క్రిందికి వచ్చుటకు సగటున అందులో సగము, హెడ్ ప్రక్కకు జరుగుటకు మరి 8 లేక 9 మిల్లీసెకనులు, వెరసి సుమారు 13 మిల్లీసెకనులు కావలెను. 10,000 చిన్న ఫైళ్లకు ఒక్కొక్కసారి వెదకినను 130 సెకనులగును! దీనికి తోడు యాంటీవైరస్ ప్రోగ్రాము ఫైళ్లను పరీక్షించుచుండును. తిరుగు భాగములు లేని ఎస్.ఎస్.డి.లో ఈ వెదకులాట బహు స్వల్పము.

తెరపై గీత గడియారము కాదు. అది సాధారణముగా ముగిసిన మెట్లను లెక్కించునేగాని మిగిలిన కాలమును కాదు. తుది మెట్టు ఒక్కటియే అయినను, అది పెద్దదైనచో గీత కదలదు.

అట్టి వేళ కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను ఒక్కసారి నొక్కి టాస్క్ మేనేజరును తెరువుడు. డిస్కుగాని ప్రాసెసరుగాని తీరిక లేక యున్నచో ఓపిక పట్టుడు. నెట్‌వర్క్ కదలుచున్నచో ఇన్‌స్టాలర్ మిగిలిన భాగములను దిగుమతి చేసికొనుచుండవచ్చును. అన్నియు నిశ్చలముగ నున్నచో, అనుమతి కోరు కిటికీ ఏదైన మరొక కిటికీ వెనుక దాగియున్నదేమో వెదకుడు. ఇన్‌స్టాలర్‌ను పదే పదే నొక్కరాదు. 1999లో వెలువడిన విండోస్ ఇన్‌స్టాలర్ ఏకకాలమున ఒక్క ప్రోగ్రామునే ఎక్కించును; రెండవదానికి 1618 అను దోషసంఖ్య చూపును. తప్పక ఆపవలసివచ్చినచో 'క్యాన్సిల్' నొక్కుడు. విండోస్ ఇన్‌స్టాలర్ అంతవరకు చేసిన మార్పులను వెనుకకు త్రిప్పుటకు యత్నించును. విద్యుత్తు నిలిపినచో అప్పటికి ఆ పని జరుగదు. యాంటీవైరస్‌ను ఆపుట శ్రేయస్కరము కాదు.

విద్యార్థులు ఒక ప్రయోగము చేయవచ్చును. 100 మెగాబైట్ల ఒకే ఫైలును, మొత్తము అంతే పరిమాణము గల వేయి చిన్న ఫైళ్లను వేరువేరుగ పెన్‌డ్రైవులోనికి నకలు తీసి, పట్టిన కాలమును వ్రాసి పోల్చిచూడుడు. ఇన్‌స్టాలర్ ఏల జాగుచేయునో ఆ రెండు అంకెలే చెప్పును.