నక్షత్రపు గుర్తు వెనుక ఒక చక్రం

ఆ మధ్య ఒక ఆంగ్ల వ్యాసాన్ని తెనిగిస్తూ ‘సైకిల్ చక్రం’ అని వ్రాసి, కలం ఆపాను. నేను వ్రాసినవి రెండు మాటలా, ఒకటేనా?

‘సైకిల్’ గ్రీకుల ‘కుక్లోస్’ నుండి పుట్టింది. ‘చక్రం’ సంస్కృతం నుండి వచ్చి తెలుగింట స్థిరపడిన చుట్టం. ఈ రెండింటికీ, ఇంగ్లీషు ‘వీల్’కూ తల్లి ఒక్కతే. ఆమెను భాషాశాస్త్రజ్ఞులు ‘*క్వెక్వ్‌లోస్’ అని వ్రాస్తారు. ముందున్న నక్షత్రపు గుర్తుకు అర్థం, ఈ మాట ఏ శాసనంలోనూ, ఏ గ్రంథంలోనూ కానరాదని. బిడ్డల పోలికలను బట్టి గీసిన తల్లి చిత్రమిది.

సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషలు ఒకే మూలం నుండి పుట్టాయనీ, ఆ మూలం బహుశా నేడు లేదనీ 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ చెప్పాడు. ఆ లేని భాషను తిరిగి నిర్మించే పని 19వ శతాబ్ది పండితులు చేపట్టారు.

గ్రీకు కకారమెక్కడ, మన చకారమెక్కడ అని సందేహం కలుగవచ్చు. కన్నడిగుల ‘కివి’ మన ‘చెవి’; వారి ‘కెరె’ మన ‘చెరువు’. ఇకార ఎకారాల ముందు కకారం తెలుగులో చకారమైంది. సంస్కృతపు పూర్వదశలోనూ, వేరుగా, ఇటువంటి మార్పే జరిగింది. ‘కె’ మొదట ‘చె’ అయి, పిదప ‘చ’గా నిలిచింది. రెండవ కకారం వెంట అచ్చు లేదు కనుక అది మారలేదు. అందుకే అది ‘చక్ర’మైంది.

ఇక మాట పుట్టుక. ‘తిరుగు’ అనే అర్థమున్న ‘క్వెల్’ ధాతువును ఆనాటివారు, మనం ‘గిరగిర’ అన్నట్లు, రెట్టించి పలికారు. మన ‘చరించు’కు మూలమైన సంస్కృత ధాతువు కూడా అందులోనిదే.

ఈ మాట చరిత్రకు సాక్షి కూడా. చక్రాల బండికి గట్టి ఆధారాలు సుమారు క్రీ.పూ. 3500 నుండే లభిస్తున్నాయి. పోలండ్‌లోని బ్రోనొచిత్సెలో దొరికిన కుండ మీద బండి బొమ్మ ఉంది. 2002లో స్లొవేనియాలోని లుబ్ల్యానా చిత్తడినేలలో బయటపడిన కొయ్యచక్రం వయస్సు అయిదువేల ఏండ్ల పైచిలుకు. బిడ్డలందరికీ ఈ మాట వారసత్వంగా వస్తే, తల్లి ఇల్లు అంతకు చాలా ముందే చెదరిపోయి ఉండదు.

అందరూ దీనికి ఒప్పుకోలేదు. ఈ భాషలు వ్యవసాయంతోబాటు, చక్రానికి వేల ఏండ్ల ముందే, నేటి టర్కీ ప్రాంతం నుండి వ్యాపించాయని 1987లో పురాతత్వవేత్త కోలిన్ రెన్‌ఫ్రూ వాదించాడు. ‘తిరిగేది’ అన్న పేరును ఒక్కొక్క శాఖ విడిగా కల్పించుకోరాదా అన్నది ఆ పక్షం ప్రశ్న. కాని ఒకే ధాతువును ఒకే తీరున రెట్టించి, గ్రీసు నుండి మధ్య ఆసియా తొఖారియన్ల వరకు అందరూ ఒకే పేరు పెట్టుకోవడం కాకతాళీయమని నమ్మడం కష్టం.

విశేషమేమంటే, ఆ టర్కీలోనే వెలసిన ప్రాచీన హిట్టైట్ భాషలో ఈ మాట కానరాదు. అక్కడ చక్రం పేరు ‘హుర్కి’. చక్రం రాకముందే ఆ బిడ్డ పుట్టిల్లు వీడిందని పలువురు పండితుల ఊహ. ఉన్న మాట ఎంత సాక్షియో, లేని మాట కూడా అంతే సాక్షి.

నా వ్రాతప్రతిలో ‘సైకిల్ చక్రం’ కొట్టివేయలేదు. వేల ఏండ్ల క్రితం విడిపోయిన అక్కచెల్లెళ్ళు మన వీధి మరమ్మతు దుకాణంలో కలిసి కూర్చుంటే, విడదీయడానికి నేనెవరిని?